ఈ కుక్క ఎవరిది?

మా బడి టైంటేబుల్‌లో నా సబ్జెక్టు పేరు కమర్షియల్ ప్రాక్టీస్. అందులో సగం వ్యాపార చట్టం. పిల్లలు మాత్రం దాన్ని కుక్క పాఠం అనేవారు. కొన్నాళ్ళకు తోటి టీచర్లూ అలాగే అనడం మొదలుపెట్టారు. చివరికి ఒకరోజు హెడ్మాస్టరు గారే నోరు జారి, "మీ కుక్క పాఠం అయిపోయాక ఆ గదిలో డ్రిల్లు సామాను పెట్టించండి" అన్నారు. ఆ రోజు నాకు భలే సంతోషం వేసింది. పాఠానికి ముద్దుపేరు పడిందంటే అది పిల్లల ఇళ్ళదాకా వెళ్ళిందన్నమాట.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, పైనుంచి ఏ సర్క్యులర్ ఎప్పుడు వచ్చింది లాంటివి ఇందులో వెతకకండి. అవి నాకే గుర్తులేవు. కుక్క సంగతి మాత్రం నిన్న జరిగినట్టుంది.

లండను ఓడ

తమిళనాట ఉన్న మా రాజపాళయానికి మిల్లు వచ్చిన కొత్త రోజులవి. పొద్దున్నే మిల్లు కూత విని ఊరంతా లేచేది. బడి చదువు ముగించిన కుర్రవాడికి మిల్లు ఆఫీసులో కుర్చీ దొరుకుతుందని ఇంటింటా ఆశ. అందుకని మా హైస్కూల్లో కమర్షియల్ ప్రాక్టీస్ ఆప్షనల్‌గా పెట్టారు. పెట్టారు గానీ చెప్పేవాళ్ళు దొరకలేదు. మదరాసులో బి.ఏ. చదివి, మదురలో ఒక వకీలు దగ్గర కొన్నాళ్ళు పనిచేసి, ఆయనకూ నాకూ పడక ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్న నన్ను పిలిచి చేతిలో సుద్దముక్క పెట్టారు.

పాఠ్యపుస్తకం లండనులో అచ్చయింది. దాని నిండా ఓడలు. ఒక వర్తకుడు ఉన్ని ఓడకెక్కిస్తాడు, ఇంకొకడు దాన్ని రేవులో దించుకోనంటాడు, దారిలో తుఫాను వస్తుంది. మా పిల్లల్లో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. ఉన్ని కట్టుకోవలసినంత చలి మా ఊరికి ఏనాడూ రాలేదు. మొదటి అధ్యాయంలో బయలుదేరిన ఓడ చివరి అధ్యాయానికి కూడా ఒడ్డు చేరేది కాదు. పాపం, పిల్లలు దానిమీద జాలిపడేవారు. సేత్తూరు నుంచి వచ్చే ఒకడు నన్ను దారిలో ఆపి, "ఆ ఓడ ఏమయింది సార్? మునిగిపోయినదా?" అని నిజంగానే దిగులుగా అడిగాడు.

పుస్తకం రాసినాయన తప్పేమీ లేదు. ఆయన లండను పిల్లల కోసం రాశాడు. దాన్ని మన పిల్లల ముందు అలాగే విప్పి అప్పజెప్పేవాడిదే తప్పు. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఓడ కూడా ఎందుకని దాన్ని రేవులోనే వదిలేశాను. పాఠాన్ని పత్తి పేటకూ పశువుల సంతకూ తీసుకొచ్చాను. అక్కడ ఏం జరుగుతుందో మా పిల్లలకు నాకన్నా బాగా తెలుసు.

హెడ్మాస్టరు గారు

ఆఫర్ వేరు, ఆఫర్ చెయ్యమని పిలవడం వేరు అని ఒకరోజు చెప్పాను. కొట్టులో సరుకు కనబడేలా పెట్టినంత మాత్రాన కొట్టువాడు అమ్మకానికి ఒప్పుకున్నట్టు కాదు. కొనేవాడు అడగాలి, అతను సరే అనాలి. సాయంత్రం నా శిష్యులంతా గుంపుగా పోయి మిఠాయి కొట్టు ముందు నిలబడ్డారు. "అయ్యా, ఈ పళ్ళెంలో లడ్లు మీరు మాకు ఇస్తామంటున్నారా, లేక మమ్మల్ని అడగమంటున్నారా?" అని అడిగారు. కొట్టతను గరిటె తీసుకుని వెంటపడ్డాడు. మర్నాడు ఆ గరిటెతోనే బడికి వచ్చి ఫిర్యాదు చేశాడు.

మా హెడ్మాస్టరు తిరునెల్వేలివారు. మాట్లాడేది తమిళం, తిట్టేది ఇంగ్లీషు. ఆయనకు రెండే ఇష్టాలు: ఊడ్చిన వరండా, సరైన జవాబు. ఆ రోజు నన్ను నిలబెట్టి కడిగేశారు. అంతా అయ్యాక, "ఇంతకీ ఆ పళ్ళెంలో లడ్లు ఆఫరేనా?" అని అడిగారు. కాదని, ఎందుకు కాదో చెప్పాను. చివరిదాకా విని తల ఊపి పంపేశారు.

ఆయన గురించి టీచర్ల గదిలో నేను చాలా గొణిగాను. ఇప్పుడు ఆలోచిస్తే, నేను చూసిన పైవాళ్ళలో ఆయనే మేలు. తిట్టిన తర్వాత జవాబు వినేవారు. తిట్టకుండానే, వినకుండానే సంతకం పెట్టే మంచివాళ్ళ కింద కూడా పనిచేశాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదేమీ లేదు.

తుండు కింద చేతులు

మా వైపు సంతలో బేరం ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు. ఆ చేతుల మీద తుండుగుడ్డ కప్పుతారు. నోటితో మాట ఉండదు. తుండు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కితే అదే అడగడం, అదే తగ్గించడం. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఎవరికీ తెలియదు. ఇద్దరికీ కుదిరితే చేతులు వదిలి ఆకువక్క వేసుకుంటారు. ఆకు నమిలాక ఇక వెనక్కి పోవడమనేది లేదు. పోతే ఆ మనిషికే కాదు, ఇంటిల్లిపాదికీ తలవంపులు. ఆఫర్, యాక్సెప్టెన్స్ గురించి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఒక ఏడు జూన్‌లో బడి తెరవగానే, కిందటేడు చెప్పిన పాఠాలు సిక్స్త్ ఫారం పిల్లలకు ఏమాత్రం గుర్తున్నాయో చూద్దామనుకున్నాను. ఇద్దరిద్దరుగా కూర్చుని, సంతలో పెద్దవాళ్ళలాగా ఏదో ఒకదానికి బేరం చెయ్యమన్నాను. ఒకడు గుడి ఏనుగును అమ్మేశాడు. ఒకడు ఊరి పక్కనున్న సంజీవి కొండను చెట్టూ పుట్టతో సహా మేనత్త కొడుక్కి రాసిచ్చేశాడు. ఇంకొకడు హెడ్మాస్టరు గారి గొడుగును అమ్మకానికి పెట్టాడు గానీ, కొనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చివర రంగ, పెరుమాళ్లు లేచారు. రంగ మా ఊరివాడు, తిరుమలరాజా గారి మనవడు. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా వేటకుక్కలు పెంచేవారు. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబి రంగు, నడకలో దర్జా. అప్పటికి ఆ ఇంట్లో మిగిలింది ఒక్క ఆడకుక్క, ముత్యం. రంగ బడి నుంచి వచ్చేదాకా అది వీధి మొగలో కూర్చుని ఉండేది. పెరుమాళ్లు దగ్గర్లోని చోళపురంవాడు. వాళ్ళ నాన్న గోవిందు నాయుడికి మామిడితోపు, కొండవారగా వేరుశనగ చేను ఉన్నాయి. అడవిపందులు దిగి ఆ చేనును కుళ్ళగించి పోతుంటే, ముత్యం ఈనితే ఒక పిల్లను ఇప్పించమని నాయుడు ఎన్నోసార్లు పెద్దాయన్ని అడిగాడు. తన కుక్కల జాతి ఆ వీధి దాటకూడదని పెద్దాయన పట్టు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి దాటవేసేవారు.

మిగతావాళ్ళు చేతిరుమాళ్ళతో కానిచ్చారు గానీ, పెరుమాళ్లు వాళ్ళ నాన్న తుండు తెచ్చాడు. జేబులో ఆకువక్క కూడా తెచ్చాడు. "నా కుక్క ఇస్తాను" అన్నాడు రంగ. ముత్యానికి ఎన్ని గంపల మామిడిపళ్ళు అన్నది బేరం. తుండు కింద వేళ్ళు కదిలాయి. ఇద్దరూ పెద్దవాళ్ళలా మొహాలు చిట్లించారు. రంగ ఒకసారి కోపంగా చెయ్యి లాక్కుని మళ్ళీ పెట్టాడు. చివరికి చేతులు వదిలి ఆకు నమిలారు. క్లాసంతా చప్పట్లు. నేనూ ఉత్సాహం పట్టలేక, "పూర్తయిన కాంట్రాక్టంటే ఇదీ! చూసి నేర్చుకోండి" అన్నాను.

బండి నిండా పళ్ళు

ఏనుగు గుడిలోనే ఉంది, కొండ కదల్లేదు. కానీ ఆ సాయంత్రం పెరుమాళ్లు ఇంటికి పోయి, బేరం ఎంత బాగా చేశాడో తండ్రి దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు. గోవిందు నాయుడు మోసగాడు కాడు. ఆయనకు వినబడింది ఇంతే: తుండు వేశారు, ఆకు నమిలారు, బడి వాద్యారు, అంటే నేను, సాక్షిగా ఉండి బాగుందన్నాడు. మర్నాడు పొద్దున్నే బండి నిండా మామిడిపళ్ళ గంపలతో, చేతిలో కొత్త తాడుతో తిరుమలరాజా గారి గడపలో దిగాడు. ఎందుకని పెద్దలు అడిగేలోపే ఆ ఇంటి పిల్లలు గంపల మీద పడ్డారు.

తర్వాత జరిగింది రంగ చెప్పగా విన్నాను. నాయుడు చెప్పిందంతా విని తాత మనవణ్ణి పిలిచారు.

"తుండు కింద చెయ్యి పెట్టినావా?"

"పెట్టినాను తాతా."

"ఆకు నమిలినావా?"

"నమిలినాను. అది పళ్ళికూడంలో ఆట తాతా!"

"తుండు కింద ఆట ఏమిరా?" అని, ఇంకో మాట లేకుండా ముత్యం మెడకు తాడు కట్టి, నాయుణ్ణి వెంటబెట్టుకుని నేరుగా బడికి వచ్చారు. సాక్షి ముందరే అప్పగించాలని ఆయన పట్టుదల. వెనకాల రంగ, వాడి వెనక సగం వీధి.

ఊడ్చిన వరండా మీద కుక్క, మట్టికాళ్ళ జనం. హెడ్మాస్టరు గారు గదిలోంచి బయటికి వచ్చి తమిళంలో, "ఇది బడా, సంతా?" అన్నారు. విషయం విన్నాక నా వైపు తిరిగారు. "మీ పీరియడు మధ్యాహ్నం కదా. అది ముగిసేలోగా ఇది తెమలాలి. తెమలకపోతే రేపటి నుంచి ఆ గంటలో పిల్లలు తోటపని చేస్తారు."

ఆ పూట అన్నం సహించలేదు. సబ్జెక్టు పోతుందన్న బెంగ ఒకటి. దానికంటే పెద్ద బెంగ, వరండా స్తంభం దగ్గర కుక్కను వాటేసుకుని కూర్చున్న రంగ.

మధ్యాహ్నం పీరియడు

పెద్దాయనకు నా కుర్చీ ఇచ్చాను. నాయుడు ముందు బెంచీలో కూర్చున్నాడు. ముత్యం బల్ల కింద చల్లగా పడుకుంది. అప్పటికి నాకు ఒక జవాబు దొరికింది, కాబట్టి నాకు ధీమాగానే ఉంది.

"పెద్దయ్యా, పద్దెనిమిదేళ్ళు నిండనివాడు చేసిన బేరం సట్టం ప్రకారం చెల్లదు. రంగ మైనరు. ఈ బేరం జరగనట్టే లెక్క."

ఆయన మొహం ఎర్రబడింది. "ఏమి వాద్యారే, మైనరు అని చెప్పి తప్పించుకోమంటారా? మా ఇంట్లో మాట ఇచ్చినవాని వయసు ఎవరూ అడిగింది లేదు. తుండు కింద పెట్టింది మా ఇంటి చెయ్యి. రేపు సంతలో నేను తుండు పరిస్తే కిందికి ఎవడు చెయ్యి పెడతాడు?"

"పెద్దయ్యా, సట్టం..."

"సరి, మీ సట్టం ప్రకారమే పోతాము. వాడు చిన్నవాడు. నేను పెద్దవాణ్ణి కదా? వాడు చేసింది నేను చేసినట్టే అని ఇంతమంది ముందర ఒప్పుకుంటా ఉన్నాను. అయిపోయిందా? ఇంద నాయుడూ, తాడు పట్టుకో."

తాడు చాపారు గానీ కుక్కవైపు చూడలేకపోయారు. ఆయనకు ఆ కుక్క అంటే ఎంత ప్రాణమో అప్పుడు చూశాను. రంగ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, వాడి భుజాలు కదులుతున్నాయి. మనకోసం ఇంకొకరు చేసిన బేరాన్ని తర్వాత మనం ఒప్పుకుంటే, అది మొదటి నుంచీ మనం చేసినట్టే అవుతుందని నేనే కిందటేడు వాళ్ళకు చెప్పాను. దాన్ని ర్యాటిఫికేషన్ అంటారు. ఏ పాఠమూ వినని పెద్దాయన సరిగ్గా అదే పట్టుకున్నారు. మైనరన్న అడ్డం కూడా దానికి నిలవదేమోనని నా భయం. ఏజెంటు మైనరైనా ఫరవాలేదని చెప్పినవాణ్ణీ నేనే.

అప్పుడు వెనక బెంచీలోంచి పెరుమాళ్లు లేచాడు. "సార్, ఇది ర్యాటిఫికేషన్ కాదు సార్."

నాయుడు తాడు అందుకోబోతూ ఆగి వెనక్కి తిరిగాడు. "కూర్చోరా! పెద్దవాళ్ళు మాట్లాడతా ఉంటే నీకేమి?"

"చెప్పనివ్వండి." గుమ్మంలోంచి తమిళంలో ఆ మాట అన్నది హెడ్మాస్టరు గారు. ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డారో మేమెవరమూ చూడలేదు. "జవాబు పూర్తిగా వినాలి."

పెరుమాళ్లు తండ్రివైపు చూడకుండా నావైపే చూస్తూ చెప్పాడు. "ర్యాటిఫికేషన్ కావాలంటే రంగ వాళ్ళ తాత తరఫున బేరం చేసి ఉండాల సార్. వాడు అట్ల చెయ్యలేదు. తాత పేరే ఎత్తలేదు. 'నా కుక్క ఇస్తాను' అన్నాడు. తాత కోసం చెయ్యని బేరాన్ని తాత ఇప్పుడు తనదని ఒప్పుకునేదానికి కుదరదు. కుక్క తాతగారిది. రంగ చేసింది రంగదే, వాడు మైనరు. అందుకని బేరమే లేదు సార్."

నేను వాడికి చెప్పిన పాఠమే అది. నా అంతట నాకు తట్టలేదు. ఒళ్ళు పులకరించింది.

"కరెక్ట్" అని పెద్దాయన ముందుకు వెళ్ళాను. "పెద్దయ్యా, మీరు మాట తప్పడం లేదు. మీరు ఇంకా మాట ఇవ్వనే లేదు. ఇప్పుడు ఈ తాడు నాయుడి చేతిలో పెడితే, అదే మీ మొదటి మాట. ఇవ్వాలని ఉంటే ఇవ్వండి. లేదంటే లేదు. ఎవరూ ఏమీ అనేదానికి లేదు."

"అంటే, ఆ మాట నాది కాదా?"

"కాదు."

"ఇచ్చేదీ మానేదీ ఇప్పుడు నా ఇష్టమా?"

"మీ ఇష్టమే."

ఆయన బల్ల కిందికి వంగి చూశారు. ముత్యం తోక ఒకసారి నేలకేసి కొట్టింది. "అట్లయితే ఇవ్వను!" అని అరిచారు. ఆ అరుపులో ఉన్నంత సంతోషం నేను కోర్టులో కేసు గెలిచినవాళ్ళ దగ్గర కూడా చూడలేదు. రంగ వచ్చి కుక్క మీద పడ్డాడు, కుక్క మొరిగింది, పిల్లలు బెంచీలు వాయించారు. హెడ్మాస్టరు గారు "సైలెన్స్!" అన్నారు గానీ మామూలుగా అన్నంత గట్టిగా అనలేదు.

గోవిందు నాయుడు కొడుకువైపు తిరిగాడు. ఇంటికి పోయాక వాడి వీపు చిట్లుతుందేమోనని నేను భయపడ్డాను. ఆయన ఒక్కసారిగా నవ్వాడు. "చూసినారా వాద్యారే! ఫీజు కట్టి పంపించినాను. నా కొడుకు నా మీదనే కేసు గెలిచినాడు!" తర్వాత మీసం దువ్వుకుని, "సరి, బేరం లేదు కదా. మరి నా పళ్ళు?" అన్నాడు.

చట్టం ఆయన వైపే ఉంది. బేరం లేనప్పుడు పుచ్చుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ మాటే చెప్పాను. పెద్దాయన తల గోక్కున్నారు. "పళ్ళు ఇంకా ఎక్కడ ఉన్నాయి? టెంకలు కావాలంటే పెరట్లో ఉన్నాయి, ఏరుకోండి."

గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్యే ఆయన లేచి భుజం మీది తుండు తీశారు. "నాయుడూ, ఇట్ల రా."

ఇద్దరూ నా బల్ల ముందు నిలబడి చేతులు కలిపారు. పిల్లలందరూ మెడలు చాచారు. హెడ్మాస్టరు గారు కూడా గుమ్మం వదిలి లోపలికి వచ్చారు. తుండు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. పెద్దాయన ఒకసారి గట్టిగా తల అడ్డంగా ఊపారు. నాయుడు నవ్వి ఇంకోసారి నొక్కాడు. చేతులు విడిపోయాయి. ముత్యం ఈసారి ఈనినప్పుడు మంచి ఆడపిల్ల ఒకటి చోళపురానికి పోతుందని నాయుడే అందరికీ చెప్పాడు. ఆ ఇంటి కుక్కపిల్ల వీధి దాటడానికి పెద్దాయన ఒప్పుకోవడం అదే మొదలు.

బడి వదిలాక పెరుమాళ్లును ఆపాను. ఆ కుక్క మీద వాడికి ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. "ఎందుకు చెప్పావురా? ఊరుకుంటే ముత్యం మీ ఇంటికి వచ్చేది కదా."

"తప్పు ఆన్సర్ చెప్తా ఉంటే ఎట్ల సార్ ఊరకుండేది?" అని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "రంగ కూడా ఏడుస్తా ఉన్నాడు" అన్నాడు.

ప్రతి జూన్‌లో

తోటపని రాలేదు. ఇకమీదట క్లాసులో ఆకువక్క నమలకూడదని మాత్రం హెడ్మాస్టరు గారు ఆర్డరు వేశారు. ముత్యం ఈనింది, పిల్ల చోళపురం వెళ్ళింది. నాయుడు దానికి మైనరు అని పేరు పెట్టాడు. చేలగట్ల మీద ఆడవాళ్ళు "మైనరూ, రా!" అని పిలుస్తుంటే, ఏ షోకు కుర్రవాణ్ణి పిలుస్తున్నారోనని దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు.

అనుకోనిది ఇంకొకటి జరిగింది. తిరుమలరాజా గారు నా క్లాసుకు రావడం మొదలుపెట్టారు. వెనక బెంచీలో కూర్చునేవారు, పక్కన ముత్యం. ఎన్నడూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒకసారి బయటికి వెళుతూ, "మీ పాఠం మాట తప్పేవాళ్ళ కోసమని అనుకున్నాను వాద్యారే. ఎవని మాట ఎవనిదో చూసేదానికి అని ఇప్పుడు తెలిసింది" అన్నారు. ఆ తర్వాత ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకు నా మొదటి పాఠం అదే. ముత్యాన్ని గది మధ్యలో కూర్చోబెట్టి, "ఈ కుక్క ఎవరిది?" అని అడిగేవాణ్ణి. ఒకడు రంగది అనేవాడు, ఒకడు తాతది, ఒకడు పళ్ళు ఇచ్చినవాడిది. అక్కడి నుంచి ఏడాది పాఠమంతా నడిచేది. ఏడాది చివరికి కూడా జవాబు చెప్పలేనివాళ్ళు ఉండేవారు, అది వేరే సంగతి.

మనం వకీళ్ళను తయారుచెయ్యడం లేదు. నా దగ్గర చదివినవాళ్ళలో ఎక్కువమంది మిల్లు ఆఫీసుకో, పొలానికో, కొట్టుకో పోయారు. సెక్షను నంబర్లు పరీక్షయిన మర్నాడే మరిచిపోయారు. అందుకు నేనేమీ బాధపడలేదు. పరీక్షలో మంచి మార్కులు తెప్పించడం కూడా మన పనేననుకోండి, దాన్ని నిర్లక్ష్యం చెయ్యకండి. కానీ తనకు నష్టమైనా సరే, సరైన జవాబు చెప్పకుండా ఉండలేని పిల్లవాడు క్లాసుకు ఒక్కడు దొరికితే, ఆ ఏడు మీకు గిట్టుబాటైనట్టే.

యుద్ధం వచ్చింది. కాగితం దొరక్క పిల్లలు పలకల మీద రాశారు. రంగ మిల్లు ఆఫీసులో చేరాడు. పెరుమాళ్లు పొలం చూసుకుంటూ, చోళపురంలో ఎవరికి ఏ పేచీ వచ్చినా తీర్పు చెప్పేవాడయ్యాడు. యుద్ధం అయిపోతున్న రోజుల్లో, ఒక వేసవిలో ముత్యం పోయింది. ముసలిదై, నిద్రలోనే పోయింది. నాకు చాలా దిగులేసింది. తిరుమలరాజా గారు బయటికి రావడమే మానేశారు. బడి తెరవబోతుండగా ఆయన్ని చూసి రావడానికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఈసారి బోర్డు మీద కుక్క బొమ్మ వేసి చెప్పండి వాద్యారే. నేను రాను" అన్నారు.

మేము అలా కూర్చుని ఉండగానే బండి వచ్చి ఆగింది. గోవిందు నాయుడు, పెరుమాళ్లు దిగారు. నాయుడి చంకలో తెల్లటి కుక్కపిల్ల. మైనరు పిల్ల, ముత్యానికి మనవరాలు. నాయుడు పలకరింపు కూడా లేకుండా దాన్ని పెద్దాయన ఒళ్ళో పెట్టాడు.

పెద్దాయన చెయ్యి అలవాటు ప్రకారం భుజం మీది తుండు మీదికి పోయింది. నాయుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తుండు వద్దు పెద్దయ్యా. ఇది బేరం కాదు."

"ఊరకనే ఎట్ల తీసుకునేది?" అని ఆయన కంగారుగా నావైపు తిరిగారు. "వాద్యారే, ఏమీ ఇవ్వకుండా తీసుకుంటే మీ సట్టంలో చెల్లదని చెప్తా ఉంటారు కదా?"

"ఇస్తానని ఊరికే మాట చెబితే చెల్లదు పెద్దయ్యా. మనసారా ఇచ్చేసినాక చెల్లుతుంది. మీరు ఒళ్ళోంచి దించకుండా ఉంటే చాలు."

ఆయన దించలేదు. అది ఆయన పంచె తడిపినా దించలేదు. పెరుమాళ్లు పగలబడి నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వబోయారు గానీ, కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. దానికి ఆ తుండే పనికొచ్చింది.

బడి తెరిచిన రోజు కొత్త పిల్లలు వచ్చారు. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ వెయ్యబోతున్నాను. వరండాలో కర్ర చప్పుడు వినబడింది. తిరుమలరాజా గారు కుక్కపిల్లను తుండులో మూటలా పట్టుకుని వచ్చి, ఎప్పటి చోటే వెనక బెంచీలో కూర్చున్నారు. నేను సుద్దముక్క కింద పెట్టి, కుక్కపిల్లను తీసుకుని గది మధ్యలో వదిలి, పిల్లలవైపు తిరిగాను.

"ఈ కుక్క ఎవరిది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక్కడు నోరు తెరవకముందే, ఇన్నేళ్ళుగా ఆ వెనక బెంచీలో కూర్చుని పాఠం మధ్యలో ఒక్క మాట మాట్లాడని పెద్దాయన లేచి నిలబడి చెయ్యెత్తారు.

"నాది సార్!"